వంటావార్పులో తగిలిన దెబ్బ

ఆ రోజుల్లో భూపాలపల్లిలో పొయ్యిలు ఇళ్లల్లో కంటే రోడ్ల మీదనే ఎక్కువగా మండేవి. వంటావార్పు అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి: రాష్ట్రం ఇచ్చేదాకా కదలమని దారికి అడ్డంగా పొయ్యి పెట్టి, వండుకొని, అక్కడే తినడం. బడులు బంద్. (చదువు నన్ను వదిలేసిందంటారు గానీ, నిజానికి ముందు వదిలింది నేనే.) అయితే మాకంటే ముందు ఉద్యమంలో చేరినవి బొగ్గుగని క్వార్టర్ల కుక్కలు. ఏ చౌరస్తాలో ఎసరు పెడుతున్నారో నాయకుల కంటే వాటికే ముందు తెలిసేది.

అన్నం వండే పెద్ద గంజుల దగ్గర కుక్కల కావలి మా పదో తరగతి పిల్లలకు అప్పగించారు. మా దళపతి మా పెద్దమ్మ కొడుకు. గొంతు పెద్దది కనుక మైకు అనేవాళ్లం. ఆ గొంతుకు మెదడు నుంచి మాత్రం ఎవరూ తీగ లాగలేదు. పొద్దున్నే మమ్మల్ని వరుసలో నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"కుక్క మీదికొస్తే ఉరుకొద్దు. కండ్లల్లకు సూడొద్దు. మొద్దు లెక్క నిలబడాలె. పండుకున్నదాని జోలికి అసలే పోవద్దు."

"మొద్దు లెక్క నిలబడుడు నీకు పుట్టుకతోనే వచ్చు గని అన్నా, మా సంగతేంది?" అన్నాను.

నినాదాలు ఇచ్చేవాడు జనం వైపు ముఖం పెట్టి వెనక్కి నడుస్తాడు. మధ్యాహ్నం మైకు అలాగే పిడికిలెత్తి వెనక్కి నడుస్తూ, బగారన్నం తిని నడిరోడ్డు మీద గుర్రుపెడుతున్న ఎర్రకుక్క తోక మీద కాలేశాడు. అది పిక్క పట్టింది. సరిగ్గా అప్పుడే పోలీసు జీపు రావడంతో జనం చెదిరిపోయారు. చూసింది నేనొక్కడినే. (పోలీసులు జీపు దిగను కూడా లేదు.) జనం తిరిగొచ్చేసరికి మైకు కాలికి కండువా చుట్టుకొని "లాఠీ" అని మూలిగాడు. ఇంకేం, మెడలో దండ పడింది.

"అన్నా, దవాఖానకు పోదాం. సూదేసుకోకుంటే పానం పోతది."

"సూది ఎందుకురా అంటే ఏం చెప్పాలె? సాయంత్రం సభల స్టేజి మీద కూసోబెడుతున్నరు. రేపు సూద్దాం తీ."

మా వాడకట్టులో కుక్క కరిస్తే అలాగే రేపు చూద్దామన్న ఒకాయన, చివరికి గ్లాసుడు నీళ్లు చూసి వణికి వణికి పోయాడు. మైకు ఆయన పాడె వెంట నడిచినవాడే. అయినా బంతిపూల దండ ముందు ప్రాణం తేలికైపోయింది. అంతటి బుద్ధిమంతుడితో వాదించి లాభం లేదని నేరుగా మా ఇద్దరి అమ్మమ్మ, అవ్వ దగ్గరికి పోయాను.

సభలో నాయకుడు మైకు త్యాగాన్ని పొగుడుతుండగా అవ్వ స్టేజి ఎక్కింది. కండువా గుంజి, పిక్క మీది గాట్లు చూసి, అందరికీ వినబడేలా అడిగింది: "లాఠీకి పండ్లెప్పుడు మొలిసినయిరా?"

దండ తీయకుండానే చెవి పట్టి దింపి, బోరింగు కింద సబ్బుతో గాయం కడిగించి, దవాఖానకు ఈడ్చుకుపోయింది. సూదులన్నీ పూర్తయ్యేదాకా వదల్లేదు. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను.

మొన్న మైకు ఇంటికి పోతే వాడి బిడ్డ నా పక్కన చేరింది. "బాబాయ్, బాపు కాలికి లాఠీ దెబ్బ పడ్డప్పుడు నువ్వు పక్కనే ఉన్నవట గదా?"

మైకు తలెత్తకుండా పల్లీలు ఒలుస్తున్నాడు. ఊళ్లో ఎవరినీ వదలని నోరు నాది. (ముప్పై దాటితే మనిషి కోరలు కూడా అరుగుతాయేమో.)

"ఉన్న బిడ్డా," అన్నాను. "మస్తు గట్టిగ పడ్డది."