కోళ్ల షెడ్డులో పెద్దబాపు ఉత్తరాలు

ఆ రోజుల్లో మొయినాబాద్ రోడ్డు పక్కన గుంటెడు భూమి ఉన్నవాడు కూడా నడక మార్చేశాడు. నగరంలో కంప్యూటర్లు పెరిగేకొద్దీ మా దగ్గర ప్లాట్ల వెంచర్లు పెరిగాయి. (రెంటికీ సంబంధమేమిటో అప్పుడు తెలియదు. ఇప్పుడు కంప్యూటర్ల మధ్యే ఉద్యోగం చేస్తున్నా సరిగ్గా చెప్పలేను.) మా ఇంటిల్లిపాదికీ సాహిత్యం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది కూడా అప్పుడే.

కారణం మా పెద్దబాపు, అంటే మా బాపుకు (నాన్నకు) అన్న. రాజకీయ రచయిత, ఉద్యమకారుడు. కౌలుదార్ల కోసం జైలుకు వెళ్లొచ్చాడు. మిగిలిన జీవితమంతా ఉత్తరాలు రాశాడు. మంత్రులకు, సంపాదకులకు, సొంత పార్టీ పెద్దలకు. (అన్నిటికంటే ఘాటైనవి వీళ్లకే.) ప్రతిదానికీ కార్బన్ కాపీ తీసి, మూతపడ్డ మా కోళ్ల షెడ్డులో ట్రంకుపెట్టెల్లో దాచాడు. ఆ షెడ్డున్న జాగా అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిది. మా వెంచర్ బావ (అక్క మొగుడు, భూములు అమ్మించడం తప్ప ఏ దురలవాటూ లేనివాడు) దానికో బేరం తెచ్చాడు. అమ్మితే నన్ను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేర్పిస్తానని బాపు మాటిచ్చాడు. డిగ్రీ పట్టా ఇంట్లో పెట్టి, చేవెళ్ల బస్టాండులో చాయ్ రుచులు పోల్చి చూస్తూ బతుకుతున్న నాకు అది జీవన్మరణ సమస్య.

పెద్దబాపు కాదనలేదు. "నా కాయితాలకు ఏదన్న లైబ్రరీల జాగ దొర్కనియ్యుండ్రి. ఆ దినమే సంతకం పెడ్త," అన్నాడు. అంతవరకు ఆ పెట్టెలను చెదల పుట్టలన్న బావే, "గివి కాయితాలా పెద్దమామా? జాతి సంపద!" అంటూ కండువాతో వాటి దుమ్ము తుడిచాడు.

సర్దే పని నా మీద పడింది. కోడి ఈకలు దులిపి ఏడాదివారీగా కట్టలు కట్టాను. రాసినవి పెట్టెల నిండా ఉన్నాయి. వచ్చిన జవాబులు ఒక బిస్కెట్ డబ్బాలో సగం. అన్నీ ఒకే మాట: మీ లేఖ అందినది, తగు చర్య నిమిత్తం పంపడమైనది.

"గిదేంది పెద్దబాపు, ఎవ్వరు సక్కగ జవాబియ్యలే?" అనడిగాను.

"ఆలోచిస్తున్నరు బిడ్డా." (ముప్పై ఏళ్లుగా.)

నగరం నుంచి లైబ్రరీ మేడమ్ వచ్చి, షెడ్డులో కూర్చుని పొద్దుగూకేదాకా చదివింది. బావ ఆమెకు వరసగా కొబ్బరిబోండాలు తాగిస్తూ పోయాడు. కొన్నాళ్లకు ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డులో అందరికీ నేనే పైకి చదివాను. కాగితాలు తీసుకోలేమట. వాటిలో పెద్దబాపు గొంతే ఉంది, ఎదుటివాళ్ల మాట లేదట. అక్కడితో ఆపినా బాగుండేది. కౌలుదార్ల గురించి ఆయన రాసినదాన్ని ఎందుకు ఒప్పుకోదో మరో రెండు పేజీలు రాసి, కింద మూడు ప్రశ్నలడిగింది.

బావ, నేను పక్కపక్కనే తలలు పట్టుకుని కూలబడ్డాం. పెద్దబాపు నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని, నిలబడే మళ్లీ చదువుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"వద్దన్నరు గద పెద్దమామా! సంతోషమేంది?"

"అరె, సదివి కాదన్నది రా! జైల్ల ఏసిండ్రు గని, ఇన్నేండ్లల్ల ఒక్కడన్న కాదని రాసిండా?"

"మరి మన జాగ?"

"ఇప్పుడెట్ల ఇస్త? ఆమెకు జవాబు రాయాలె. పెట్టెలు దగ్గర్నే ఉండాలె," అంటూ కార్బన్ కాగితం వెతకడానికి లేచాడు.

ఏడాది తర్వాత, బావ ఆఫీసులోనే ప్లాట్ల పటాలు గీసిపెట్టి, ఆ డబ్బుతో కోర్సులో చేరాను. ఆ షెడ్డు మాత్రం పెద్దబాపు ఉన్నన్నాళ్లూ కదల్లేదు. ఆయన, ఆ మేడమ్ చివరిదాకా ఉత్తరాల్లో కొట్లాడుకున్నారు. బిస్కెట్ డబ్బా నిండిపోయి ఇంకోటి కొనాల్సి వచ్చింది.

ఇప్పుడు పదో అంతస్తులో కూర్చుని కంపెనీ పెద్దలకు పొడుగాటి మెయిళ్లు రాస్తుంటాను. "నోటెడ్" అని జవాబు వస్తుంది. ఒక్కరైనా చదివి కాదంటే బాగుండుననిపించినప్పుడల్లా, ఆ రోజు షెడ్డులో తలపట్టుకున్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆలోచిస్తున్నారులే, అనుకుంటాను.