పోలేరమ్మ పుంజును తిన్న బావురుపిల్లి

యుద్ధం రోజుల్లో రెంటచింతలలో మా పెద్దవాడికి అమ్మవారు పోసింది. తగ్గితే పుంజును కోస్తామని మా అత్తమ్మ పోలేరమ్మకు మొక్కుకుంది. వాడు కోలుకున్నాడు. పుంజును నేనే నూకలు వేసి పెంచాను.

మొక్కు చెల్లించాల్సిన ఆదివారం తెల్లవారేసరికి గూట్లో ఈకలే మిగిలాయి. వాటి మధ్య ఒక బావురుపిల్లి కడుపు నిండి పడుకుని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. గూటి వాకిలికి నాపరాయి అడ్డం పెట్టేశాను.

"అమ్మవారికి ఇప్పుడేం చెబుతావే?" అని అత్తమ్మ ఏడ్చింది.

"కోడి దీని కడుపులోనే ఉందిగా అత్తమ్మా. దీన్నే కోయిద్దాం" అన్నాను.

మా ఆయన తిట్టుకుంటూనే దాన్ని గోతంలో వేసి మోసుకొచ్చాడు. గుడి ముందు కోతగాడు కత్తి పట్టుకుని వెనకాడుతుంటే నేనే గోతం మూతి విప్పాను. అది నా ముంజేతిని చీరేసి, అమ్మవారి రాయి మీదుగా దూకి చేలల్లోకి పారిపోయింది.

"ఆ తల్లే వదిలేసిందే. మన మొక్కు తీరిపోయినట్టే" అని అత్తమ్మ దణ్ణం పెట్టుకుంది.

మొక్కు తీరిందేమో. చేతి మీద మచ్చ అలాగే ఉంది. ఇన్నేళ్లయినా నా కసి మాత్రం తీరలేదు.