ఎలా అంటే రమ్మని

నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, సింగపూర్‌లో. గురువు మనవరాలు, పలక రైలు స్టేషను. రైలు యీషున్‌లో ఆగగానే బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కునేదాన్ని. పేరు పూర్తయ్యేసరికి తలుపులు మూసుకుపోయి, తరవాతి స్టేషను ఖతీబ్‌లో తేలిన రోజులూ ఉన్నాయి. తెలుగు రాయడం ఆ తరవాత మా అమ్మాయి నేర్పింది.

బడి సెలవుల్లో ముగ్గురం గ్రీసు దేశపు ఒక దీవికి వెళ్ళాం. దిగింది ప్లాకా అనే సముద్రపు ఒడ్డున. అక్కడ ఇసుక మనకంటే ముందే పక్కెక్కి పడుకుంటుంది. దీవికంతటికీ పెద్ద ఊరు ఖోరా. బస్సులో వెళ్ళాలి. తెల్లటి గోడలు, ఓడరేవు, సన్నటి సందులు. ఆ సందుల్లో నాలాంటి ఒళ్ళున్న మనిషి ఎదురొస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవాల్సిందే.

ఖోరా చూశాక నాకో కోరిక పుట్టింది. మర్నాడు ఒక్కదాన్నే వచ్చి, రేవు ఎదురుగా కూర్చుని కాఫీ తాగాలి.

"అమ్మా, ఇదేమన్నా యీషునా? తప్పిపోతే ఎవర్నడుగుతావ్?" అంది అమ్మాయి.

"అడగడమెందుకు? బోర్డు చదువుకుంటా."

"అయితే టెస్ట్. ఇప్పుడు తిరిగెళ్ళే బస్సు నువ్వే చూపించు. కరెక్టయితే రేపు వెళ్ళు. తప్పయితే మాతోనే. ఓకేనా?"

బస్సుల అద్దాల వెనక అట్టముక్కల మీద ఊళ్ళ పేర్లున్నాయి. ప్లాకా అంటే పీ ఉండాలి, చివర ఏ ఉండాలి. రెండూ ఉన్న బస్సు దొరికింది. "ఇదే!" అన్నాను.

మనవరాలు ఆగలేకపోయింది. "అమ్మమ్మా, అది ఖోరా! వీళ్ళ పీ అంటే ఆర్. మనం ఆల్రెడీ ఖోరాలోనే ఉన్నాం!"

ముసలితనంలో కష్టపడి నేర్చుకున్న పీ నన్ను ఇంత మోసం చేస్తుందనుకోలేదు.

ఇంతలో పక్క బస్సు డ్రైవరు కిటికీలోంచి నన్ను చూసి "ఎలా! ఎలా!" అని కేకేశాడు. పరాయి దేశంలో తెలుగులో కుశలమడుగుతుంటే పలక్కుండా ఎలా ఉంటాం?

"బాగానే ఉన్నానయ్యా! నువ్వెలా?"

అతను బస్సు దిగాడు. "ఎలా," అన్నాడు చెయ్యూపుతూ.

"ఉన్నానన్నానుగా! ఇంట్లో వాళ్ళెలా? పిల్లలెలా?"

నేను అడిగినప్పుడల్లా ఒక అడుగు ముందుకేశాడు. ఆఖరికి నా ముక్కు ముందు నిలబడి, ఇంకా ఎక్కడికి రమ్మంటావన్నట్టు చూశాడు.

మనవరాలు నవ్వలేక నేల మీద కూలబడింది. "అమ్మమ్మా, ఎలా అంటే వీళ్ళ భాషలో కమ్ అని!"

"ప్లాకా?" అన్నాను నేను, పరువు దక్కించుకుందామని. అతను తల ఊపి తన బస్సు చూపించాడు.

"చూశావా, పట్టుకున్నాను," అన్నాను.

"నువ్వు బస్సు పట్టుకోలేదు, డ్రైవర్ని పట్టుకున్నావ్," అంది అమ్మాయి. "రేపు పొద్దున ఇంకో చాన్స్. చదివితేనే."

ఆ సాయంత్రం మనవరాలు ఇసుకలో అక్షరాలు గీసింది. గుమ్మంలా ఉన్నది ప. మధ్య గీత లేని ఏ, ల. ఎక్స్ అంటే ఖ. పీ సంగతి చెప్పనక్కర్లేదు, అది ర.

పొద్దున బస్సు అట్ట ముందు నిలబడి వేలుపెట్టి చదివాను. "ఖో... రా."

"సరే వెళ్ళు. ఫోన్ మాత్రం ఎత్తు," అంది అమ్మాయి, పరీక్ష తను తప్పినట్టు మొహం పెట్టి.

ఖోరాలో రేవు ఎదురుగా ఒక కాఫీ కొట్టు. తలుపు మీద మూడే అక్షరాలు. ఈ, గీత లేని ఏ, మామూలు ఏ. కూడబలుక్కున్నాను. ఎలా! బోర్డు రాసి మరీ పిలుస్తుంటే వెళ్ళకపోతే బాగోదు.

మా సింగపూర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే. చోప్ చెయ్యడమంటారు. సముద్రం వైపు బల్ల మీద నా ప్యాకెట్ పెట్టి కాఫీ చెప్పడానికి లోపలికెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్కడ ఒక జంట కూర్చుని ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని, కొట్టావిడ ఆ ప్యాకెట్‌లోని టిష్యూలతోనే పక్క బల్ల తుడుస్తోంది. నన్ను చూసి, తుడిచిన బల్ల దగ్గర కుర్చీ లాగింది.

"ఎలా," అంది.

"వస్తున్నా," అన్నాను.