రెండు చేతులకూ రెండు గడియారాలు

ఆ పోస్టుకు మేము చేరేసరికి మధ్యాహ్నం. కింది క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. ఆరుగురం ఒకే తాడుకు నడుములు కట్టుకుని ఎక్కాం. వీపున సంచి, చేతిలో మంచు గొడ్డలి, రెండు జతల మేజోళ్ల మీద మంచు బూట్లు. మంచు గోడకు ఆనుకుని ఒక ఫైబర్ గుడిసె, దాని ముందు ఇసుక బస్తాల బంకరు, ఒక ఏరియల్ తీగ, ఒక జెండా. పోస్టంటే అంతే. తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయిన చలికాలం అది. ఏ సరిహద్దో, ఎంత ఎత్తో చెప్పను. చెప్పకూడదు. చెప్పినా ఇక్కడ కూలర్ ముందు కూర్చున్న మీకు ఆ గాలి అర్థం కాదు.

పోస్టు కమాండర్ ఒక సుబేదార్ సాబ్, గఢ్వాల్ మనిషి. మా చేతికి చాయ్ మగ్గులిచ్చి, అవి ఖాళీ అయ్యేలోపే హిందీలో ఆర్డర్లు చెప్పాడు. ఫోన్లన్నీ రేకు పెట్టెలోకి. ఫోనుతో మాట్లాడే గడియారాలుంటే అవీ అందులోకే, మనం ఎక్కడున్నామో అవి లోకమంతా చాటుతాయి. మామూలు గడియారం పెట్టుకోవచ్చు, కానీ దాని ముఖం మణికట్టు లోపలి వైపుకు ఉండాలి. అద్దం మెరిస్తే అవతలివాడు చూస్తాడు. పైగా రైఫిల్ పట్టుకున్న చెయ్యి తిప్పకుండానే టైం కనబడుతుంది. ఆ రోజు తిప్పిన గడియారాన్ని నేను మళ్లీ పైకి తిప్పలేదు.

నల్లగొండలో మా మేనల్లుడు దాన్ని చూసి నవ్వుతాడు. "ఫోన్ల టైం ఉండంగ చేతికి గిదెందుకు మామా?" అంటాడు. వాడి చేతికేమో నిద్రను లెక్కపెట్టే గడియారం ఉంది. తాను పడుకున్నదీ లేనిదీ పొద్దున్నే లేచి గడియారాన్ని అడిగే మనిషితో నాకు వాదన ఏంటి? అందుకే నోటితో చెప్పకుండా ఇది రాస్తున్నాను.

ఆ పోస్టులో నాకంటే ముందు ఒక తెలుగువాడున్నాడు. రేడియో ఆపరేటర్. పాలమూరు వైపు పల్లె. నా మాట వినగానే ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపాడు.

"ఏడిది అన్నా మనది?"

"నల్లగొండ."

"మీ క్లాక్ టవర్ నడుస్తాందా?"

"మంచిగనే నడుస్తాంది. మీ మహబూబ్‌నగర్‌ది?"

"మాది గూడ నడుస్తది. రెండిట్ల ఏది కరెక్టో చూసి చెప్పనీకే నన్ను గింత పైకి తోలిన్రు."

అలాంటివాడు. మాట చురుకు, పని ఇంకా చురుకు.

పోస్టులో ఎవరి గడియారం వెనక వాళ్ల కథ ఉండేది. సుబేదార్ సాబ్‌ది పెళ్లిలో మామగారు పెట్టినది, బంగారు రంగు, పెద్ద ముఖం. ఇల్లు గుర్తొచ్చినప్పుడు దాన్ని చొక్కా అంచుతో తుడిచేవాడు. రోజూ తుడిచేవాడు. నర్సింగ్ అసిస్టెంట్ గడియారానికి సెకన్ల ముల్లు ఎర్రగా ఉండేది. నాడి చూడటానికి కొన్నానని చెప్పేవాడు. ఆ ఎరుపుకు పడిపోయి కొన్నాడని మా అందరికీ తెలుసు. నాది మా బాపుది. రోజూ పక్కనున్న మర తిప్పి చావి ఇచ్చే గడియారం.

మాది మగ్గాల ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చునే ముందు గడియారం విప్పి పక్క గుంజ మేకుకు తగిలించేవాడు. చేతికి ఉంటే పోగులు పట్టుకుంటాయి. ఒక్క పోగు తెగినా ఆ గీత చీర మీద ఉండిపోతుంది. మా వాడకట్టులో పని మొదలైందంటే గడియారం గుంజకు ఎక్కినట్టే. ఆ అలవాటు నాతో పాటు మంచులోకీ వచ్చింది. చేరిన మొదటి వారంలోనే గడియారం విప్పి గుడిసె గుంజకు తగిలించి మంచు తవ్వడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆగిపోయి ఉంది. లోపలి నూనె చలికి బిగుసుకుపోయింది.

ఆపరేటర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"గిది మీ మగ్గం గుంజ గాదే అన్నా. ఈడ ఒంటి మీదుంటెనే అది బతుకుతది. ఇటు తే."

దాన్ని తీసుకుని తన బనీను లోపల పెట్టుకున్నాడు. రెండోసారి చాయ్ కాగేలోపు అది మళ్లీ కొట్టుకుంది.

వాడిదీ చావి ఇచ్చేదే. స్టీలు ఒళ్లు, తెల్ల ముఖం, నల్ల అంకెలు, తోలు పట్టీ. రోజూ పొద్దున బెటాలియన్ నుంచి రేడియోలో టైం వచ్చేది. అన్ని పోస్టులూ దానికే కలుపుకోవాలి. ఒక పొద్దున అటువైపు మనిషి నిద్రకళ్లతో ఉన్నాడో ఏమో, రెండు నిమిషాలు తేడాగా చెప్పాడు. వేరేవాడైతే ముల్లు తిప్పి ఊరుకునేవాడు.

"టైం మళ్లీ చూసి చెప్పండి. ఓవర్," అన్నాడు మావాడు.

"చెప్పిందే టైం. కలుపుకో. ఓవర్."

"మళ్లీ చూసి చెప్పండి. ఓవర్."

కాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత "కరెక్షన్" అని వచ్చింది. సుబేదార్ సాబ్ మగ్గు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

"టైం కాడ నీకు గంత మొండితనమేందిరా?" అని తర్వాత అడిగాను. స్టవ్ మీద మంచు కరిగిస్తూ చెప్పాడు.

"మా అమ్మ స్లాబు పనికి పోతది అన్నా. నాయిన లేడు. చిన్నగున్నప్పుడు నన్ను ఎంట తీస్కపోయేది. అందరిల మేస్త్రీ ఒక్కని చేతికే గడియారం. పొద్దుగాల అది ఉరుకుతది. పొద్దూకినంక పండుకుంటది. వాడు ఆరయిందంటే ఆరు. కాలేదంటే మొగులు మొత్తం నల్లబడ్డా కాలేదు."

"ఇప్పుడందరికి ఫోన్లున్నయి గద?"

"పనిల ఫోన్లు చూస్తాండ్రని పొద్దుగాలనే అందరియి ఒక సంచిల ఏపిస్తడు. గట్టిగ అడిగితే రేపటిసంది రాకు అంటడు."

"అమ్మకొక గడియారం కొనియ్యరాదు?"

"కొనిచ్చిన. చిన్నది, ఆడోళ్లది. మేస్త్రీ చూసి గిది ఆడుకునే బొమ్మ, దీని టైం లెక్కల్లకు రాదని నవ్విండట. పదిమందీ నవ్విన్రు. అమ్మ విప్పి బియ్యం డబ్బల పెట్టింది." కరిగిన నీళ్లు మగ్గులో పోశాడు. "గందుకే గిది. రోజూ మిలిటరీ రేడియోకు కలిపే గడియారం. నేను దిగినంక వాని ముంగటనే అమ్మ చేతికి పెడ్త. అప్పుడెవడు నవ్వుతడో చూస్త."

నవ్వుతూ చెప్పలేదు. పదేళ్ల పిల్లవాడు తట్టల పక్కన కూర్చుని ఎప్పుడో చేసిన ఒట్టు అది. ఆ గడియారం వాడికి టైం చూసుకోవడానికి కాదు, తల్లి పొద్దును ఒకడి గుప్పిట్లోంచి లాక్కోవడానికి.

తర్వాతి నెల తుఫాను పట్టుకుంది. రెండో రోజు ఉదయం గాలికి ఏరియల్ తీగ తెగింది. రేడియో చచ్చిపోయింది. కింది నుంచి మాకు రేషన్ తెచ్చే జట్టు బయలుదేరే వేళ అది. వాళ్ల దారి మీద కొత్త మంచు పేరుకుని ఏ క్షణమైనా జారేలా ఉంది. వాళ్లను ఆపాలి. ఆపాలంటే రేడియో కావాలి.

ఆపరేటర్ నడుముకు తాడు కట్టుకుని బయటికి పాకాడు. తాడు రెండో కొన నా చేతుల్లో ఉంది. మూడు పొరల చేతొడుగులతో సన్న తీగ ముడి పడదు. ఎడమ చేతివి విప్పేశాడు.

"తొడుక్కోరా!" అని అరిచాను.

"అయిపాయె అన్నా, అయిపాయె," అంటూనే ఉన్నాడు. చాలాసేపటికి గానీ ముడి పడలేదు.

పాకుతూ లోపలికొచ్చి ముందు సెట్టు ముందు కూర్చున్నాడు. "రేషన్ పార్టీ, ఉన్నచోటే ఆగండి. దారి మూసుకుంది. ఓవర్."

"రోజర్. ఆగాం. ఓవర్."

అప్పుడు చెయ్యి చూపించాడు. మైనం రంగులో ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ గోరువెచ్చని నీళ్లలో పెట్టించాడు. సాయంత్రానికి మణికట్టు పైదాకా వాచి గడియారం పట్టీ కండలోకి దిగింది. విప్పాలన్నాడు. ఆపరేటర్ నా వైపు చూశాడు.

"అన్నా, నువ్వు పెట్టుకో. సంచిల ఎయ్యకు, ఆగిపోతది. రోజూ చావి ఇయ్యి. అది ఆగిందంటే మేస్త్రీ గెలిచినట్టే."

"ఆగదు. ఫికర్ చెయ్యకు తమ్మీ."

నా ఎడమ చేతికి బాపుది ఉంది. వాడిది కుడి చేతికి కట్టుకున్నాను. ఆకాశం తెరిపిచ్చాక హెలికాప్టర్ వచ్చి వాణ్ణి తీసుకుపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మంచు మీద, గాలి మీద, నేను ముఖం కూడా ఎరగని ఆ మేస్త్రీ మీద. ప్రతి పొద్దునా ఆ కోపంతోనే రెండిటికీ చావి తిప్పేవాణ్ణి.

కొన్నాళ్లకు తనిఖీకి ఒక కుర్ర కెప్టెన్ సాబ్ వచ్చాడు. నా రెండు చేతులూ చూసి, "ఏంటిది, షోకా? ఒకటి తీసెయ్," అన్నాడు. నేను అటెన్షన్‌లో నిలబడ్డాను. చెయ్యి మాత్రం కదపలేదు. ఏ శిక్ష వేసినా సరే అనుకున్నాను. నాకంటే ముందు సుబేదార్ సాబ్ నోరు విప్పాడు.

"ఒకటి ఇతనిది సాబ్. ఇంకోటి పోస్టుది."

కెప్టెన్ సాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, బూట్ల గురించి అడిగాడు.

పోస్టు నుంచి దిగాక నేరుగా మిలిటరీ దవాఖానకు పోయాను. వాడి ఎడమ చెయ్యి మణికట్టు పైన తీసేశారు. నన్ను చూడగానే వాడు నా ముఖం చూడలేదు, కుడి చెయ్యి పట్టి గడియారం చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"నువ్వే పెట్టుకోరాదు తమ్మీ? కుడి చెయ్యి ఉంది గద. అమ్మకు ఇంకోటి చూద్దాం," అన్నాను.

"నాకీడ డాక్టర్ చెప్తడు, సిస్టర్ చెప్తది, గోడ మీద గడియారం చెప్తది. మా అమ్మకెవరు చెప్తరన్నా? నేను బయటికొచ్చేదాంక నీ చేతికే ఉండనీ."

వాడు బయటికొచ్చాక ఇద్దరం షాద్‌నగర్ పోయాం. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయక్కడ. వాళ్ల అమ్మ ఆ మేస్త్రీ కిందే పనిలో ఉంది. కొడుకు చెయ్యి చూసి ఏడవాల్సిందంతా ఆమె దవాఖానలోనే ఏడ్చేసింది. మమ్మల్ని చూసి తట్ట దించి, కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

"చెయ్యి ఇటియ్యి అమ్మా."

"మగోళ్ల గడియారం నాకెందుకు బిడ్డా? నవ్వుతరు."

"నవ్వనియ్యి."

ఆమె మణికట్టు మీద మట్టిగాజులు, వాటి మీద ఎండిన సిమెంటు. వాడు ఒంటి చేత్తో పట్టీ చుట్టి, కొనను పళ్లతో లాగి బిగించాడు. సాయం చేద్దామని వంగాను. "ఉండన్నా," అన్నాడు. గడియారం ముఖం లోపలి వైపుకు తిప్పాడు. "గిట్లనే ఉంచు. తట్ట తగిలినా అద్దం పగలది." ఆ పొద్దున రేడియో వార్తల టైంకు దాన్ని వాడే కలిపాడు.

పొద్దు గూకింది. పై అంతస్తు నుంచి మేస్త్రీ కేకేశాడు. "ఇంక టైం కాలె. కలిపిన మాల్ మొత్తం పైకెక్కాలె."

నేను ముందుకు కదలబోయాను. ఆపరేటర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆమె చూస్కుంటది."

ఆమె ర్యాంపు మధ్యలో ఆగింది. తట్ట దించింది. చెయ్యి పైకెత్తింది.

"ఆరయింది మేస్త్రీ."

"నా దాంట్ల అయిదున్నరే."

"నీది నువ్వు చూస్కో. గిది మిలిటరీ టైం. రేడియోకు కలిపింది."

ఎవరో నవ్వారు. ఈసారి ఆమెను చూసి కాదు. వెనకున్నామె తట్ట దించింది. ఆమె వెనకామె దించింది. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గరి మనిషి అటూ ఇటూ చూసి స్విచ్చి కట్టేశాడు.

"రేపటిసంది పనికి రాకు," అన్నాడు మేస్త్రీ.

"వస్త. ఆరుకు దిగుత."

ఫౌజు విడిచి ఇంటికొచ్చాను. బాపు గడియారం ఎడమ చేతికే ఉంది, కుడి మణికట్టు ఖాళీ. పొద్దున చావి తిప్పేటప్పుడు ఆ కుడి చేతి మీదికి వేళ్లు ఇప్పటికీ వాటంతటవే పోతాయి. మంచు నా కలలోకి రాదు. తుఫానూ రాదు. నా కళ్లలో ఉండిపోయింది ఒక్కటే. షాద్‌నగర్‌లో సగం కట్టిన మేడ, ర్యాంపు మీద ఒక బక్కపలచని మనిషి, పైకెత్తిన చెయ్యి. గాజులన్నీ మోచేతి దాకా జారాయి. గడియారం మాత్రం జారలేదు. ఆమె మణికట్టును మెల్లగా మేస్త్రీ వైపు తిప్పింది.