పాట ఆగితే

మా టైలరింగ్ షాపులో ఆమెను అందరూ బొత్తాలక్క అంటారు. బొత్తాలు, కాజాలు, అంచులు, అన్నీ చేతి సూదితో చేసే పనులే ఆమెవి. మిషను మీద కూర్చోదు. కుడుతుండగా ఫిట్స్ వస్తే వేళ్ళు దక్కవని డాక్టరు ఏనాడో హెచ్చరించాడు. కొత్తగా చేరినవాళ్ళు బద్ధకం అనుకుంటారు. ఆమె పట్టించుకోదు కానీ నాకే ఒళ్ళు మండుతుంది.

ఫిట్స్ ఆమెకు తండ్రి నుంచి వచ్చాయి. ఆమెకూ తమ్ముడికీ చిన్నప్పుడే మొదలయ్యాయి. "మా నాన్న ఇద్దరికీ సమానంగా పంచాడే. ఆస్తి గొడవల్లేవు మాకు," అని నవ్వుతుంది.

ఆ ఇంట్లో స్నానాలగదికి లోపల గడియ ఉండేది కాదు. తండ్రే ఊడబీకేశాడు. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చేదాకా పాడుతూనే ఉండాలి. పాట ఆగితే బయటున్నవాళ్ళు తలుపు తోసుకుని వెళ్ళాలి. పడిపోయిన మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు, తెలివొచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. ముగ్గురూ అలాగే ఒకరినొకరు కాచుకున్నారు. తండ్రి ముసలితనంతో పోయాడు. ఓ మధ్యాహ్నం ఆమె షాపులో ఉండగా తమ్ముడు స్నానానికి వెళ్ళాడు. పాట ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచీ ఆమె ఒక్కతే. వేళకి మాత్రలు వేసుకున్నా అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తూనే ఉంటాయి. అద్దె గదిలోనూ ఏ తలుపుకీ గడియ పెట్టుకోదు.

ఈమధ్యే నేను ఆమె పక్క గదిలో దిగాను. మధ్యలో పలచటి గోడ. రోజూ పొద్దున్నే ఆమె స్నానాలగదిలో పాట మొదలవుతుంది. రాగం ఓ దారిన, ఆమె ఓ దారిన పోతారు.

"ఇప్పుడెవరు వింటారని పాడతావక్కా?" అని ఒకసారి షాపులో అడిగేశాను. నా నోటికి అదుపు తక్కువ.

"అలవాటే," అని దారం కొరికింది.

మొన్న పొద్దున ఆ పాట మధ్యలో ఠక్కున ఆగింది. తల దువ్వుకుంటున్నదాన్ని దువ్వెన అక్కడే పారేసి, పరుగున వెళ్ళి ఆమె స్నానాలగది తలుపు తోశాను.

ఆమె తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. తలుపు వైపే చూస్తోంది.

"ఏమైందక్కా? వచ్చిందా?"

"లేదే. ఊరికే ఆపాను."

నాకు కోపం నషాళానికి అంటింది. "ఊరికేనా! పైప్రాణాలు పైనే పోయాయి నాకు. ఇదేం వేళాకోళం?"

"వేళాకోళం కాదే. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ అప్పుడప్పుడూ ఇలా ఆపి చూస్తున్నా. ఎవరైనా వస్తారేమోనని."

ఇన్నేళ్ళలో ఎవరైనా వచ్చారా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. నాకూ ఏడుపు ఆగలేదు.

"చలేస్తోందే. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు," అంది కాసేపటికి.

తలుపు వేశాను కానీ వెళ్ళలేదు. లోపల మళ్ళీ పాట మొదలైంది. ఆమె బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.