లక్ష్మీదేవి ముక్కలు

మా పెద్దపిల్లకి నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు, ఎత్తుకుంటే ఒళ్ళు బిగబట్టుకుంటుంది, ఆకలేసినా అడగదు. ఆటిజం అనే మాట అరవయ్యో దశకం చివర నెల్లిమర్లలో ఎవరి చెవినా పడలేదు. ఇలాంటి పిల్లయితే మొద్దు అనేవారు, లేకపోతే గాలి సోకిందనేవారు. మా అత్త ఆ రెండోది పట్టుకుంది.

"శుక్రారం ఎజ్జోడొస్తాడు. కడుపు మీద వాతలెడితే గాలి వదిలేస్తాది," అంది. ఎజ్జోడంటే మంత్రాలు వేసేవాడు. జూట్ మిల్లు నుంచి వచ్చిన మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "అమ్మ సెప్పింది కదా, సూద్దాం," అన్నాడు. ఏం చూస్తాడు, నా మొహం! కాలేది ఆయన కడుపా? నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పిల్ల మొద్దు కాదని నాకు తెలుసు. అంతకు ముందోసారి నీళ్ళకుండ పగిలితే, నేను చీపురు తెచ్చేలోపల అది పెంకులన్నీ దగ్గరికి లాక్కుని, అంచుకి అంచు కలిపి పేర్చేసింది. ఒక్కటీ తప్పలేదు. దెయ్యానికి అంత ఓపిక ఎక్కడిది?

అది అత్తకి కళ్ళారా చూపించాలని గోడ మీది పాత క్యాలెండరు దించాను. దేవుడు లేని క్యాలెండరు మా వీధిలో ఏ ఇంట్లో ఉంది గనక! మా ఇంట్లో లక్ష్మీదేవి. మైదా ఉడకబెట్టి జిగురు చేసి, బొమ్మని అట్ట మీద అంటించి, ఆరాక కత్తెర పెట్టాను. అమ్మవారిని కొయ్యడం తప్పే. అయినా కోశాను.

అత్త చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! పాత పటాలు సంపావతి ఏట్లో కలపాల గానీ అమ్మోరిని కత్తిరిస్తారేటే!"

"కోపమొస్తే నా మీదకే రమ్మను అత్తా," అన్నాను.

పిల్ల ముందు ముక్కలు పోశాను. అది అన్నిటినీ బోర్లా తిప్పేసింది. బొమ్మ కిందికి, ఉత్త అట్ట పైకి. నా పైప్రాణాలు పైనే పోయాయి. అత్త మూతి తిప్పింది. నేను మళ్ళీ బొమ్మ పైకి తిప్పాను, అది మళ్ళీ బోర్లించింది. సరే, నీ ఇష్టం తల్లీ అని ఊరుకున్నాను. అది అంచులు చూసుకుంటూ చకచకా అతికించుకుపోయింది. బొమ్మతో దానికి పనే లేదు.

చివరికి ఒక్క ముక్క తగ్గింది. పిల్ల చుట్టూ చూసింది. లేచి వెళ్ళి, గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ పాదం రెండు చేతులా పట్టుకుని పక్కకి జరిపింది. పోసేటప్పుడు జారిన ముక్క ఆ పాదం కింద ఉంది. దాని మీద లక్ష్మీదేవి మొహం.

"అపసారం, అపసారం!" అత్త ముక్క తీసి కళ్ళకద్దుకుని లెంపలేసుకుంది. కోసిందని నన్ను తిట్టిన మనిషి తొక్కేసింది మరి! నాకు నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది. పిల్ల ఆవిడ మొహంలోకి చూస్తోంది. చూస్తూ అరచెయ్యి చాచింది. కన్నతల్లినైన నన్ను కూడా ఏనాడూ ఏదీ అడగని పిల్ల!

అత్త ముక్క ఇచ్చేసి నేల మీద కూలబడింది. "నన్నడిగిందే! ఒలే, నన్నడిగింది!" అని ఏడ్చింది.

శుక్రవారం ఎజ్జోడు వచ్చాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా మనవరాలికి గాలీ నేదు, దూళీ నేదు. ఎల్లు."

"మాటాడతాదా మరి?"

"అడగడం వొచ్చింది. మాటెక్కడికి పోతాది?"

ఆ తరవాత రోజూ ఆవిడకి అదే పని. ఒక ముక్క రొంటిలో దోపుకుని ఏమీ ఎరగనట్టు కూర్చునేది. మొదట్లో చెయ్యి చాస్తే ఇచ్చేది. కొన్నాళ్ళకి అదీ చాలదంది. "ఇయ్యి అను," అని మొండికేసేది. పిల్ల గింజుకుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇచ్చెయ్యి అత్తా అంటే, "నీకెందుకే, పప్పు మాడతాది సూసుకో," అనేది.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వినబడింది, "ఇయ్యి" అని. పరుగెత్తుకొచ్చాను. ఏ పిల్లైనా ముందు అమ్మా అంటుంది. నా పిల్ల తొలిమాట అది, అదీ నాతో కాదు, వాతలు పెట్టిద్దామన్న మనిషితో. కుళ్ళుకున్నాను, దాచడం ఎందుకు? అత్త ముక్క ఇవ్వడం కూడా మరిచిపోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పిల్లకి విసుగొచ్చి ఆవిడ చెయ్యి లాగి, ఈసారి గట్టిగా అరిచింది.

"ఇయ్యి!"