చల్లారే ఎనిమిది నిమిషాలు

జేబులక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఆస్పత్రి లాండ్రీలో పందొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆ పందొమ్మిదేళ్ళలో జేబులు తడమకుండా ఒక్క కోటు కూడా ఆమె చేతి మీదుగా మిషన్లోకి వెళ్ళిన పాపాన పోలేదు. కత్తెరలు దొరికేవి, పెన్నులు దొరికేవి, సగం కొరికిన చాక్లెట్లు దొరికేవి. ఒకసారి ఒక పెద్ద డాక్టరు కోటులో నాలుగు మడతల ప్రేమలేఖ దొరికితే కవర్లో పెట్టి ఆయన బల్ల మీద ఉంచి వచ్చింది. చదవలేదనే చెప్పింది, నమ్మడం మన మర్యాద.

అలాంటి మనిషి సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ పెడతానంటే నవ్వని వాళ్ళు లేరు. ఎవరి బట్టలు వాళ్ళే తెచ్చుకుని, మిషన్లో వేసి, మీట నొక్కి, ఆరాక తీసుకుపోయే షాపు అది. అందులో పనివాళ్ళుండరు. యజమాని కూడా ఉండక్కర్లేదు.

"నువ్వు లేని షాపా?" అని స్కూలు వ్యాను నడిపే మొగుడు పగలబడి నవ్వాడు. "పక్కింటి వాళ్ళ దండెం మీద బట్టలే సర్దకుండా ఉండలేవు, ఊరి వాళ్ళ బట్టలు చూస్తూ ఊరుకుంటావా?"

ఊరుకుంటానంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంకెన్నాళ్ళు నిలబడాలి అంది. పోనీ తొందరపడిందా అంటే అదీ లేదు. ఏడాది పాటు చూడాల్సినవన్నీ చూసింది. రెండు వీధుల అవతలున్న హాస్టలు నుంచి ఎంతమంది మూటలు మోసుకుపోతున్నారో, ఎదురుగా బస్టాపు బల్ల మీద వరుసగా నాలుగు ఆదివారాలు కూర్చుని లెక్కపెట్టింది. కుళాయి నీళ్ళు సీసాలో పట్టి ఆస్పత్రి ల్యాబులో పరీక్ష చేయించింది. మిషన్లన్నీ ఒకేసారి నీళ్ళు వదిలితే డ్రైనేజీ తట్టుకుంటుందా అని, చుట్టాలందర్నీ పిలిచి ఇరవై బకెట్లు ఒక్కసారిగా గుమ్మరించింది. ఆ రోజు మొగుడి తోడల్లుడు జారిపడి వారం రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. డ్రైనేజీ మాత్రం తట్టుకుంది.

గది ఒక రిటైరైన లెక్కల మాస్టారిది. కింద షాపు గది, పైన ఆయన, ఆయన తల్లి. ఆ తల్లి మంచం దిగలేని మనిషి. తాళంచెవి చేతిలో పెట్టేటప్పుడు మాస్టారు ఒకే మాట చెప్పాడు. "సరిగ్గా ఈ గది మీదే అమ్మ మంచం. ఏదైనా జరిగితే ఆవిడను దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా మీ ఇష్టం."

గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకునే అన్నీ చూసింది. చూడనిది ఒక్కటే, తన అలవాటు.

ఆస్పత్రిలో డ్రయ్యర్ ఆగీ ఆగగానే బట్టలు బయటికి లాగేవాళ్ళు. వేడి మీద మడిస్తే ముడత ఉండదు, ఇస్త్రీ పని తప్పుతుంది. చేతులు కాలినా సరే, ఆ వేడిలో మడవడమే పనితనం. చల్లారిన దుప్పటి కనిపిస్తే ఎవరు బద్ధకించారని వెతికేవాళ్ళు. అందుకని తన షాపులో రెండు డ్రయ్యర్లు బిగిస్తున్న మెకానిక్‌తో, చివర్లో వచ్చే చల్లగాలి తీసెయ్యమంది. వేడి ఆగాక ఎనిమిది నిమిషాలు బట్టలు చల్లగాలిలో తిరుగుతాయి, అదన్నమాట.

"అందరూ ఉంచుకుంటారక్కా దాన్ని," అన్నాడు మెకానిక్. యాభై దాటిన మనిషి, మాట తక్కువ.

"అందరూ పందొమ్మిదేళ్ళు చేశారా?" అంది జేబులక్క.

మెకానిక్ ఎనిమిది నిమిషాలూ తీసేశాడు.

రేపు షాపు తెరుస్తారనగా ఈ రోజు ట్రయల్. తెలిసిన వాళ్ళందరికీ ఉచితం, బట్టలు పట్టుకు రండి అని చెప్పింది. ఆస్పత్రిలో ఆమె నోటీసు గడువు ముగిసేదీ ఈ రోజే. సూపర్వైజరమ్మ మంచి మనిషి. రాజీనామా కాగితం ఇంకా పైకి పంపలేదు. "ఐదింటి దాకా నా సొరుగులోనే ఉంటుంది. మనసు మారితే చించేస్తాను. ఐదు దాటాక నీ స్థానంలోకి వేరే మనిషి వచ్చేస్తుంది, అప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు," అని మరీ మరీ చెప్పింది. మోకాళ్ళు అరిగిన మనిషికి యాభై రెండేళ్ళ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

ట్రయల్ కోసం తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. గాజు తలుపు బయటే నిలబడాలి, లోపల అడుగు పెట్టకూడదు. మధ్యాహ్నం దాకా నిగ్రహించుకుంది. ఒకాయన తెల్ల చొక్కాలతో ఎర్ర తువ్వాలు వేస్తుంటే మాత్రం గాజు మీద వేళ్ళతో టకటకా కొట్టబోయింది. మొగుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

రెండింటికి, నడుం నొప్పులకు మర్దన చేసే ఆయన ఒక సంచీడు తువ్వాళ్ళు తెచ్చాడు. ఉతికాడు, డ్రయ్యర్లో వేశాడు, రోగి ఎదురుచూస్తున్నాడంటూ వెళ్ళిపోయాడు. మూడుంబావుకి డ్రయ్యర్ ఆగింది. తీసేవాళ్ళు లేరు. వేడి వేడి తువ్వాళ్ళు ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి. జేబులక్క అరచేతులు దురద పెట్టాయి.

"సెల్ఫ్ సర్వీసు," అన్నాడు మొగుడు, నవ్వాపుకుంటూ.

ఇరవై నిమిషాలు గడిచాయి. ముందు వాసన వచ్చింది. మాడిన నూనె వాసన. తర్వాత డ్రయ్యర్ గుండ్రటి అద్దం వెనక తెల్లగా ఏదో కదిలింది.

జేబులక్క నియమం గియమం మర్చిపోయి లోపలికి ఉరికింది. అప్పటికే మొగుడు డ్రయ్యర్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"తియ్యకు," అని ఆ చేతిని లాగిపడేసింది. "గాలి తగిలితే భగ్గుమంటుంది. పైకి పో. మాస్టారి అమ్మను దించండి."

మొగుడు మెట్ల వైపు పరిగెత్తాడు. ట్రయల్ చూడ్డానికి వచ్చిన మెకానిక్ మెయిన్ స్విచ్ కట్టేశాడు. జేబులక్క మంటలార్పే ఎర్ర సిలిండరు చంకన పెట్టుకుని డ్రయ్యర్ ముందు నిలబడింది. లోపల పొగ చిక్కబడుతోంది. తలుపు తియ్యకూడదు, కాచుకోవాలి, అంతే. ఆస్పత్రిలో నేర్పింది అదే. కానీ అక్కడ నెత్తి మీద మంచం లేదు. పైన కుర్చీ ఈడుస్తున్న చప్పుడు, ముసలామె మూలుగు, మెట్ల మీద నాలుగు కాళ్ళు తడబడుతున్న చప్పుడు, అన్నీ వినిపిస్తున్నాయి. ఒక్కో మెట్టుకూ ఆమె ప్రాణం పోయి వస్తోంది.

పొగ పలచబడింది. ఇంకా ఆగింది. అద్దం మీద చెయ్యి పెట్టి చూసి, వేడి తగ్గిందని రూఢి చేసుకున్నాక, తలుపు కాస్త తీసి సిలిండరు లోపలికి కొట్టింది. తర్వాత పట్టకారుతో తువ్వాళ్ళు ఒక్కొక్కటే బయట అరుగు మీదకు లాగింది. కుప్ప మధ్యలో ఉన్న రెండు తువ్వాళ్ళకు అరచెయ్యంత మేర నల్లగా మాడి ఉంది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. గోడ బాగానే ఉంది. కప్పు బాగానే ఉంది.

ముసలామెను మళ్ళీ మంచం ఎక్కించి మాస్టారు కిందికి వచ్చేసరికి, మర్దన ఆయన కూడా వచ్చి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరి తప్పు ఇది?" అని అడిగాడు మాస్టారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది.

"నాదేనండీ," అన్నాడు మర్దన ఆయన. "అవి నూనె తువ్వాళ్ళు. ఎంత ఉతికినా నూనె పూర్తిగా పోదు. నేను చెప్పాల్సింది."

మొగుడు జేబులక్క మోచేతిని మెల్లగా తాకాడు. ఊరుకో అని దానర్థం. మెకానిక్ నేల చూపులు చూస్తున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. 'నూనె బట్టలు వేయరాదు' అని బోర్డు పెడితే రేపు షాపు తెరవొచ్చు. ఆ ఎనిమిది నిమిషాల సంగతి తెలిసిన వాళ్ళు ఈ ముగ్గురే.

ఆమెకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు, తను ఊరుకోగలనేమో అని.

"ఆయన తప్పు సగమే మాస్టారూ. అసలు తప్పు నాది," అంది. "వేడి ఆగాక చల్లగాలి తిరగాలి. లేకపోతే కుప్పలో వేడి చిక్కుకుని, ఉన్న కాస్త నూనే రాజుకుంటుంది. నేనే తీయించేశాను. ఈ మెకానిక్ వద్దన్నాడు కూడా. నేను పక్కనుండి వేడి మీద తీసే అలవాటులో ఉన్నాను. ఇక్కడ నేనుండనన్న సంగతి నా బుర్రకు తట్టలేదు."

మొగుడు తల పట్టుకున్నాడు.

మాస్టారు వంగి డ్రయ్యర్ లోపలికి చూశాడు. "ఎన్ని నిమిషాలు తీయించారు?"

"ఎనిమిది."

"పెట్టించండి," అన్నాడు. "పెట్టించి, మాడని తువ్వాళ్ళు మళ్ళీ తడిపి, రెండో డ్రయ్యర్లో వేయించండి. ఆగాక కూడా అరగంట అలాగే లోపల వదిలేయాలి. రేపు వచ్చే వాళ్ళు వదిలేసినట్టే."

"నూనె బట్టలు ఇక ఈ గడప తొక్కనివ్వను మాస్టారూ."

"మీరుండరుగా. బోర్డు చదవని వాడు ఒకడు రాకపోడు." మాస్టారు ఎర్ర సిలిండరు వైపు చెయ్యి చూపించాడు. "నేనూ మీవారూ ఆ సిలిండరు పట్టుకుని గాజు తలుపు బయట ఉంటాం. మీరు మాత్రం పైకి వెళ్ళి అమ్మ పక్కన కూర్చోండి. మధ్యలో దిగి రాకూడదు. మీకే నమ్మకం లేకపోతే ఇప్పుడే తాళంచెవి ఇచ్చేయండి, ఎవరి మీదా ఎవరికీ కోపం ఉండదు."

నాలుగు కావస్తోంది. మెకానిక్ పది నిమిషాల్లో మీటలు సర్ది, ఎనిమిది నిమిషాలూ తిరిగి పెట్టాడు. జేబులక్క మెట్లెక్కింది. ప్రతి మెట్టుకూ మోకాలు కలుక్కుమంది.

ముసలామె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన ఒక స్టూలు, మందుల డబ్బా, మూతపెట్టిన గ్లాసు. జేబులక్క కూర్చోగానే పాదాల కింద నేల సన్నగా అదిరింది. కింద మిషన్ మొదలైంది.

"ఎవరమ్మా?" అంది ముసలామె.

"కింద షాపు... తెరుద్దామనుకుంటున్నామండీ."

"ఇందాక నన్ను కుర్చీలో దించారు. పడేస్తారేమోనని భయమేసింది."

"ఆ తప్పు నాదేనండీ," అంది జేబులక్క. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

నేల అదురుతూనే ఉంది. నాలుగున్నరకు అదురు కొంచెం మారింది. వేడి ఆగి చల్లగాలి మొదలైందన్నమాట. ఆ తేడా ఇంకెవరికీ తెలియదు, జేబులక్క పాదాలకు తెలుసు. ఎనిమిది నిమిషాల తర్వాత అదీ ఆగిపోయింది. గదిలో గోడ గడియారం చప్పుడు ఒక్కటే మిగిలింది. ఇక అసలు పరీక్ష. ఎవరూ తీయని బట్టలు, ఎవరూ లేని గది.

జేబులక్క గాలి గట్టిగా పీల్చింది. మందుల వాసన, ఉతికిన దుప్పటి వాసన. ఇంకోసారి పీల్చింది. ఏదో మాడుతున్నట్టే అనిపించింది. లేవబోయి, స్టూలు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. చెమటకు జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

ఐదుకి ఐదు నిమిషాలుందనగా ఫోను మోగింది. సూపర్వైజరమ్మ.

"ఏమంటావమ్మా? కాగితం చేతిలోనే ఉంది. పంపనా, చించనా?"

ఇంకో పావుగంట ఆగి అడిగి ఉంటే ఎంత బాగుండు. కింద ఏముందో తెలిశాక చెప్పేది.

"ఇంకో పావుగంట ఆగగలరా మేడమ్?"

"ఐదు దాటితే నా చేతుల్లో లేదని చెప్పానుగా."

ముసలామె ఇటు తిరిగింది. మంచం మీద ఆ ఎండిపోయిన కాళ్ళు, ఆ మంచం కింద తన మిషన్. ఆ మిషన్ మీద నమ్మకం లేకపోతే తను ఈవిడ పక్కన ఇలా కూర్చుని ఉండేదే కాదు. ఈపాటికి ఆవిడను దింపించేసేది. అది తనకు అప్పుడే తెలిసింది.

"పంపించేయండి మేడమ్," అంది. "నేను రాను."

ఫోను పెట్టేసి మళ్ళీ స్టూలు అంచు పట్టుకుంది.

ఐదుం పదికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. మాస్టారు చేతుల నిండా తువ్వాళ్ళతో వచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. తిన్నగా వచ్చి, కుప్పలోంచి నడిమి తువ్వాలు లాగి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అరచేతితో నిమిరింది, చెంపకు ఆనించుకుంది.

"చల్లగా ఉందిరా," అంది.

మాస్టారు మిగతా తువ్వాళ్ళు స్టూలు పక్కన పెట్టాడు. మెట్ల వైపు తిరిగి, గుమ్మం దగ్గర ఆగాడు.

"రేపు తెరవండి," అన్నాడు. "అమ్మ ఇక్కడే ఉంటుంది."

జేబులక్కకు అంతదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.